నివేదికలో మన గొంతు ఎంత?

మానవ హక్కుల వేదికను 1998లో బాలగోపాల్, మరికొందరు కలిసి ఏర్పాటు చేశారు. రాజ్యం చేసే హింసనే కాదు, ఉద్యమాల పేరుతో జరిగే హింసను కూడా ప్రశ్నించాలన్నది ఆ సంస్థ వైఖరి. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి జవాబు చెప్పుకునే ఏజెన్సీ ఊళ్లకు ఈ వైఖరి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

వాళ్ల పనికి గీటురాయి వాకపల్లి. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊరిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కొందు మహిళలు ఫిర్యాదు చేశారు. ఎదురుగా ఉన్నది పోలీసు శాఖ. అయినా వాళ్లు మాట మార్చలేదు. వేదిక వాళ్లను వదల్లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పు దర్యాప్తును తప్పుపట్టింది, మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఒక్క రోజు వచ్చి ఫొటోలు దిగి వెళ్లే పర్యటనలు మనం చూశాం. పదిహేనేళ్లు దాటి ఒక ఊరి వెంట నిలవడం వేరు.

మెచ్చుకోవలసింది మెచ్చుకున్నాక అడగవలసింది అడగాలి. నిజనిర్ధారణ నివేదికలు తెలుగులోనో ఇంగ్లీషులోనో వస్తాయి. కొందుల ఇంటి భాష కువి. కువిలో చెప్పిన బాధ తెలుగులోకి, అక్కడి నుంచి చట్టం భాషలోకి మారేసరికి ఎంత మిగులుతుంది? నివేదికల్లో మనం సాక్షులుగా కనిపిస్తాం. రాసినవాళ్లుగా కనిపించడం అరుదు. మన గురించి నిజాయితీగా రాసినా, మనం రాసినట్టు కాదు.

ఈ ఖాళీని నింపవలసింది పట్నం వాళ్లు కాదు. ఎంత త్వరగా బయలుదేరినా బృందం ఊరు చేరేసరికి సమయం గడిచిపోతుంది. వాకపల్లి నేర్పే పాఠం ఆ మొదటి గంటల గురించే. దర్యాప్తు మొదట్లో చెడితే తర్వాత ఎంత పోరాడినా కోర్టులో నిలబెట్టడం కష్టం. ఆ గంటల్లో ఊళ్లో ఉండేది పది చదివిన తమ్ముడు, డిగ్రీ చదివే చెల్లెలు. తేదీ, సమయం, ఎవరు వచ్చారు, ఎవరు చూశారు అన్నది వాళ్లే రాయాలి. చెప్పినవాళ్ల మాటను వాళ్ల భాషలోనే తెలుగు లిపిలో రాసి, అర్థం కింద రాయాలి. వైద్య పరీక్ష వెంటనే జరిగేలా చూడాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది, అడిగి తీసుకోవాలి. బాధితుల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు.

సర్కారు ఉద్యోగం చేసే టీచర్లకు ఇలాంటి విషయాల్లో భయం ఉంటుంది. అది నిజమే. కానీ చూసింది చూసినట్టు రాయడం నేర్పడం మన ఉద్యోగంలోని పనే. ఆ పాఠం బడిలో బాగా చెబితే, రేపటి నివేదిక కింద మన పిల్లల సంతకం ఉంటుంది.