బొంత కుట్టు: పద్ధతి, విలువ

వాడి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను పొరలుపొరలుగా పరచి, ఆ పొరలన్నీ కలిసిపోయేలా చేతితో కుట్టిన పక్కబట్టను తెలుగునాట బొంత అంటారు. బెంగాల్‌లోని కాంథా, బీహార్‌లోని సుజనీ, మహారాష్ట్రలోని గోధడి, ఉత్తర కర్ణాటకలోని కౌది దీనికి తోబుట్టువులే. వీటిలో కాంథా పండితుల దృష్టిలో ముందుగా పడింది. 1929లో బెంగాలీ కవి జసీముద్దీన్ దాని పేరు కలిసివచ్చేలా కథాకావ్యం వెలువరించగా, 1939లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ దానిపై పరిశోధనా వ్యాసం ప్రకటించారు. బొమ్మలు లేని సాదా బొంతకు అంతటి గౌరవం దక్కలేదు కాని, ఇంటి కుట్టుపని నేర్చుకోదలచినవారికి దానిని మించిన తొలిపాఠం లేదు. ఇందులో కుట్టు అలంకారానికి పెట్టింది కాదు; అది లేనిదే బొంత లేదు.

బట్ట ఎంపికలోనే సగం పని ఉంది. పలుమార్లు ఉతికిన నూలుబట్ట కుదించుకుపోవలసినంతా కుదించుకుపోయి ఉంటుంది కనుక తర్వాత ముడతలు పడదు. దానితో కొత్త బట్టను కలిపితే మొదటి ఉతుకులోనే కొత్తది ముడుచుకొని మిగతా పొరలను లాగేస్తుంది. పాలియెస్టర్ చీరలు జారిపోతాయి, చెమట పీల్చవు. లోపలి పొరకైనా అవి పనికిరావు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు 1.8 మీటర్ల పొడవుతో ఒకరికి సరిపోయే మూడు పొరలు వస్తాయి, రెండు చీరలైతే ఆరు. పొరల నడుమ నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. దూది లేకున్నా బొంత వెచ్చగా ఉండటానికి కారణం ఇదే.

గంజి పోయేలా ఉతికి ఆరేసిన బట్టలను గచ్చు మీద పరచి, మూలల్లో బరువులు పెట్టి, అరచేతితో నడిమి నుంచి అంచుల వైపు సవరించాలి. పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్లను కచ్చా కుట్టు అంటారు. దీనినీ నడిమి నుంచే మొదలుపెట్టాలి, లేకపోతే మిగులు బట్టంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది. అసలు కుట్టు, సూది కిందికీ పైకీ దూరుతూ ముందుకు సాగే రన్నింగ్ కుట్టు. దారపు ముడిని పొరల మధ్యకు లాగి దాచాలి. పైన ఉంటే ఒరుసుకొని ఊడిపోతుంది. సూదిని నిటారుగా దించాలి. అడుగున పెట్టిన ఎడమచేతి వేలికి సూదిమొన తగిలితేనే పొరలన్నీ అందినట్టు; ఏటవాలుగా దించితే అడుగుపొర తప్పిపోతుంది, ఆ లోపం ఉతికాక గాని బయటపడదు. వరుసకూ వరుసకూ బొటనవేలి వెడల్పు ఎడం చాలు. చివరికి చీర అంచును కత్తిరించి చుట్టూ మడిచి కుడితే, ఒత్తైన ఆ నేత బొంత అంచులను చిరగనివ్వదు.

మిషన్ మీద పని త్వరగా తెములుతుంది గాని, కింది పళ్లు అడుగుపొరను లాగుతుంటే పైన పాదం పై పొరను అదిమిపెట్టడంతో పొరలు జరిగిపోతాయి. కొత్తవారికి చేతికుట్టే నమ్మకం. మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు ఉండే చంటిబిడ్డ బొంతతో మొదలుపెట్టడం మేలు. పై పొర చిరిగితే దానిమీద ఇంకొక పాత చీర పరచి మళ్లీ కుట్టవచ్చు; ఇలా తనను తాను బాగుచేయించుకోగల పక్కబట్ట బజారులో దొరికేది కాదు. బీరువా అడుగున ఉన్న నూలు చీరలను స్టీలు గిన్నెలకు వేసేముందు, వాటిలో రెండింటినైనా పక్కన పెట్టి, ఇంట్లో కుట్టు తెలిసిన పెద్దవారు ఉండగానే పిల్లల చేత బొంత కుట్టించాలి.