ఎవరి ఇంటి యెదుట? సంఘర్షణ తరువాతి గ్రామములో స్వచ్ఛంద సేవ, నెహెమ్యా పఠనము: ఒక విమర్శ

నెహెమ్యా గ్రంథము మన సంఘములలో ఎక్కువగా నాయకత్వ పాఠముగానే బోధింపబడుచున్నది. వేసవి సేవా బృందములను పంపు ఆరాధనలలో ఇది దాదాపు ఖాయమైన వాక్యభాగము. ప్రార్థన, ప్రణాళిక, సన్బల్లటు ఎగతాళి, 52 దినములలో ముగిసిన గోడ: నాలుగు అంశములు, ఒక ముగింపు ప్రార్థన. ఈ పఠనము తప్పని మేము అనము, సగమని మాత్రము అనుచున్నాము. గోడ కట్టుచుండగనే లేచిన మొర, అనగా 5వ అధ్యాయము, ఈ ప్రసంగములలో సాధారణముగా జారిపోవును. కూలిన పట్టణమునకు బయటినుండి ఒకడు సహాయము చేయవచ్చిన కథ యిది. కనుక సంఘర్షణను అనుభవించిన ఒక ప్రాంతమును ఎదుట పెట్టుకొని దీనిని చదువగోరుచున్నాము. ఆ ప్రాంతము కోరుట్లకు సిరిసిల్లకు నడుమనున్న కథలాపూర్ పరిసరము.

1978 నాటికి జగిత్యాల పల్లెలలో వెట్టి, కూలి, దొరల చేతిలోని భూములు అను ప్రశ్నలపై రైతుకూలీ సంఘములు లేచినవి. కళాశాల విద్యార్థులు గ్రామములకు తరలవలెనన్న పిలుపుతో సెలవులలో పల్లెలకు వెళ్లారు. వారి రాజకీయములతో మనకు ఏకీభావము లేకపోవచ్చును గాని, జీతము లేక, ఎండలో, ఇతరుల ఇండ్లలో తిని చేసిన ఆ పనిని స్వచ్ఛంద సేవ కాదనుటకు కారణము కనబడదు. ఆ యేడు సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. (సి.ఎస్.ఐ. కరీంనగర్ అధ్యక్ష ఖండము ఏర్పడినదియు 1978లోనే. ఈ రెండు సంగతులను కలిపి చెప్పుకొను అలవాటు మనకు లేదు.) తరువాత పాతికేండ్లకు పైగా పగలు పోలీసులు, రాత్రి అన్నలు. 2004 అక్టోబరులో హైదరాబాదులో శాంతి చర్చలు జరిగినవి, 2005 ఆరంభములోనే అవి విఫలమైనవి. అటుపిమ్మట కొన్నేండ్లలో తుపాకి చప్పుడు తగ్గినది. 2016లో జగిత్యాల జిల్లా అయినది.

అట్టి ఊరిలో కొత్త మనిషిని ముందుగా అడుగు ప్రశ్న “ఏమి తెచ్చినావు?” కాదు, “ఎవరి మనిషివి?” ఒక పూట అన్నము పెట్టినందుకే కొరియరనియు, ఒక మాట చెప్పినందుకే ఇన్‌ఫార్మరనియు పేరుపడిన కాలము అది. సేవకు వచ్చినవాడు బస్సెక్కి వెళ్లిపోవును. అతనితో తిరిగిన స్థానికుడు ఊరిలోనే ఉండవలెను.

ఈ భేదము మన జిల్లాకే పరిమితము కాదు. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థను సర్వప్రతినిధి సభ 1970లో స్థాపించినది. యుద్ధములో నలిగిన కంబోడియాలో 1993 ఎన్నికలకు వందలాది వాలంటీర్లు వివిధ దేశములనుండి వెళ్లారు. వారిలో జపాను యువకుడు అత్సుహితో నకతా ఆ యేడు ఏప్రిల్ 8న హతుడైనాడు. అతని తండ్రి తరువాత ఆ సంస్థకు గౌరవ రాయబారిగా దేశదేశములు తిరిగినాడు. ఆ త్యాగమును మేము చిన్నదిగా చేయము. అయితే అతనితో కూడ చంపబడిన కంబోడియా దుబాసి పేరు ఎందరికి తెలియును? అంతర్జాతీయ సేవకుడు, జాతీయ సేవకుడు అని రెండు పేర్లు పెట్టి ఇద్దరిని ఒకే పట్టికలో చూపవచ్చును. అపాయము, జ్ఞాపకము మాత్రము ఇద్దరికి సమముగా పంచబడవు.

ఇప్పుడు నెహెమ్యా 3వ అధ్యాయమునకు వత్తము. పేర్ల చిట్టా అని మనము దాటవేయు అధ్యాయమే ఇది. యెరికోవారు, గిబియోనువారు, మిస్పావారు బయటి ఊళ్లనుండి వచ్చారు (2, 7 వచనములు). వారు కట్టిన భాగములు ఉన్నవి. అయితే ఇంకొక మాట మరల మరల వచ్చును: ఫలానివాడు తన ఇంటికి ఎదురుగా బాగుచేసెను (10, 23, 28, 29, 30). తన ఇంటి యెదుటి గోడ బలహీనమైతే శత్రువు మొదట తన వాకిటికే వచ్చును గనుక అతడు నాసిరకము పని చేయలేడు. తెకోవ ఘనులు మెడ వంచలేదని 5వ వచనము దాచక చెప్పును. తెకోవ సామాన్యులు మాత్రము రెండవ భాగమును కూడ కట్టారు (27). బయటివాని పనిని గ్రంథము తృణీకరింపలేదు, గాని దానిని ఇంటివాని పని ప్రక్కన పెట్టి కొలిచినది.

5వ అధ్యాయములో పని నడుచుచుండగనే జనులు మొరపెట్టిరి. పొలములు కుదువపడినవి, పిల్లలు దాస్యమునకు పోయారు. అప్పిచ్చినవారు శత్రువులు కారు, సహోదరులే. నెహెమ్యా సమాజమును కూర్చి వారిని నిలదీసినాడు. అప్పిచ్చినవారిలో తానును తన వారును ఉన్నామని అక్కడనే ఒప్పుకొన్నాడు (10). అధిపతికి రావలసిన భోజనపు సొమ్మును పన్నెండేండ్లు తీసికొనలేదు (14). ఎవరి సొమ్ము తినుచున్నావు, ఎవరికి లెక్క చెప్పుదువు అన్న ప్రశ్నకు ఇదే అతని జవాబు. మన సేవా నివేదికలలో పంచిన దుప్పట్ల సంఖ్య ఉండును, ఈ జవాబు ఉండదు.

కథలాపూర్ పల్లెలలో కుదువ అన్న మాట వివరింప నక్కరలేదు. వీసాకు చేసిన అప్పు దుబాయిలోనో మస్కటులోనో తీరవలెను, ఇంటివద్ద బీడీల చాట ఒడినుండి దిగదు. విచిత్రమేమనగా, అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుడు అనగానే మన మనస్సుకు విదేశీయుడే తట్టును. గల్ఫు క్యాంపులో తోటి కూలీ చనిపోతే చందాలెత్తి, కాగితములకు తిరిగి, శవపేటికను ఇంటికి చేర్చు మన ఊరి మనిషి తట్టడు. 2018లో ఎమిరేట్సు ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు కాగితములు లేనివారిని తీసికొని కార్యాలయముల చుట్టు తిరిగినవారిలో ఇట్టివారు ఉన్నారు.

అయితే స్థానికుడు అయినంత మాత్రమున సేవ శుద్ధమగునా? మా వాదములో కష్టమైన భాగము ఇదే. 1978 నాటి ఉద్యమములో పేదల చేతిలోని ఒక ఆయుధము దొరను వెలివేయుట: చాకలి, మంగలి, పాలేరు పని మానివేశారు. నేడు జగిత్యాల, నిజామాబాదు జిల్లాల పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నవి. జీతము లేని పెద్దలే వాటిని నడుపుదురు. బోరు వేయింతురు, గుడి కట్టింతురు, చెరువు బాగుచేయింతురు. చట్టపు అధికారము లేకున్నను బెల్టు షాపులకు వేలము పాడింతురు, జరిమానా వేయుదురు. మాట వినని కుటుంబమును, కొన్నిచోట్ల ఒక కులమునే, వెలివేసిన ఉదంతములు మరల మరల పోలీసు కేసులకు, పత్రికలకు ఎక్కినవి. కిరాణా దుకాణము సరుకు ఇవ్వదు, ట్రాక్టరు రాదు, పలకరించినవానికి జరిమానా. దొరపై ఎత్తిన కత్తియే చేయి మారి బలహీనునిపై పడినది. ఇదియు అభివృద్ధి కొరకైన స్వచ్ఛంద సేవ పేరిటనే జరుగుచున్నది.

వాక్యము ఇక్కడ మనకు ఆశ్రయము ఇచ్చునా? ఎజ్రా 10:8 చూడవలెను. మూడు దినములలో రానివాని ఆస్తి పోవును, అతడు సమాజమునుండి వెలివేయబడును. నెహెమ్యా 13:25లో అదే గోడ కట్టినవాడు కొందరిని కొట్టి, తలవెండ్రుకలు పెరికినాడు. వ్యాఖ్యానకర్తలు సంఘ పవిత్రత పేరిట దీనిని సమర్థించుట కలదు. వెలిలో ఉన్న కుటుంబమునకు ప్రార్థన చేయబోవు కాపరి ఆ సమర్థనను అంత సులువుగా ఒప్పుకొనలేడు. గోడ కట్టిన చేతికే వెలివేయు బలము వచ్చునని గ్రంథము దాచలేదు. మనమే ఆ పుట త్రిప్పివేయుచున్నాము.

తిరునల్వేలినుండి 1909లో డోర్నకల్ వచ్చిన వి.ఎస్. అజరయ్య గారు మరుసటి యేడు ఎడిన్‌బరో మహాసభలో మిషనెరీల త్యాగమును మెచ్చుకొని, చివరకు వారిని అడిగినది స్నేహము. స్నేహితుడు తప్పు చేసినప్పుడు అతనికి చెప్పవచ్చును, దాతకు చెప్పుట కష్టము. కనుక వేసవి బృందమును పంపు సెమినరీలకు మా సూచన చిన్నదే. వెళ్లకముందు ఊరివారిలో ఎవరికి లెక్క చెప్పవలెనో నిర్ణయించుకొనవలెను. ఆ వినువారిలో కమిటీ పెద్దలతో పాటు కమిటీ జరిమానా వేసినవారును ఉండవలెను. తిరిగివచ్చిన ఆరు నెలలకు, తమతో తిరిగిన స్థానికుని ఊరు ఎట్లు చూచుచున్నదో అడిగి నివేదికలో వ్రాయవలెను. అడుగవలసినవారిలో స్త్రీలును ఉండవలెను. కమిటీలలో వారు కనబడుట అరుదు, చాట దించి వచ్చుటకు వారికి కూలి గంటలు పోవును. షల్లూము కుమార్తెలు గోడ కట్టినట్లు నెహెమ్యా 3:12 చెప్పుచున్నది. ఆ వచనముపై ప్రసంగము మేము ఇంతవరకు వినలేదు.