బ్రాకెట్లో కీపర్

మా అగ్రికో మైదానంలో టెన్నిస్ బంతి ఆటల్లో కీపింగ్ ఎవరికి దక్కుతుందో అందరికీ తెలిసిందే: బౌలింగ్ రానివాడికి. ధోనీ పుట్టిన ఈ జార్ఖండ్‌లో కూడా ఆ ఆచారం పోలేదు. అందుకే 2021 నవంబరు 27న కాన్పూర్ గ్రీన్‌పార్క్‌లో కోన శ్రీకర్ భరత్ చేసిన పనిని ఇక్కడి పిల్లలకి విడివిడిగా విప్పి చూపిస్తుంటాను.

న్యూజిలాండ్‌తో తొలి టెస్టు, మూడో రోజు. ముందు రోజు సాయంత్రానికే లేథమ్, యంగ్ జోడీ వికెట్ పోకుండా 129 కొట్టేసింది. తెల్లారేసరికి మన కీపర్ వృద్ధిమాన్ సాహాకి మెడ పట్టేసింది. పదకొండు మందిలో లేని భరత్ గ్లవ్స్ తొడుక్కుని దిగాడు. 2017లో రూలు మారబట్టి గాని లేకపోతే సబ్‌స్టిట్యూట్‌కి ఆ పని ఇచ్చేవారు కాదు. ఇప్పుడు అంపైర్లు ఒప్పుకుంటే కీపింగ్ చెయ్యొచ్చు, బౌలింగ్ మాత్రం కుదరదు.

ఆ పిచ్ మీద బంతి లేచేది తక్కువ. స్పిన్నర్‌కి కీపర్ వికెట్లని ఆనుకున్నట్టే కూర్చుంటాడు: బరువు ముందు పాదాల మీద, రెండు చిటికెన వేళ్లూ పక్కపక్కన, గ్లవ్స్ కొసలు నేలకి తగులుతూ. అసలు విద్యంతా ఎప్పుడు లేవాలన్నదే. బంతి పడకముందే లేచిన కీపర్ కాళ్ల మధ్య నుంచి అది జారిపోతుంది. కింద ఉన్న చేతులు పైకి లేపడం సులువు. లేచిన మనిషి తిరిగి కుంగాలంటే మోకాళ్లు, నడుము, తల మూడూ కలిసి దిగాలి, అంత వ్యవధి ఎక్కడుంది? కాబట్టి బంతి లేస్తేనే తనూ లేవాలి, దానితో పాటే.

యంగ్ 89 దగ్గర అశ్విన్ బంతి లేవలేదు. భరత్ కూడా లేవలేదు. బ్యాట్ అంచుని గీరుకుంటూ వచ్చిన బంతి కింద ఉన్న గ్లవ్స్‌లో పడింది. అంపైర్ ఔటివ్వలేదు. రివ్యూ తీసుకోమని కెప్టెన్ రహానేని ఒప్పించింది భరతే. అంత సన్నని ఎడ్జ్ కీపర్‌కి మూడు విధాలా తెలుస్తుంది: చప్పుడు చెవికి, దారి మారడం కంటికి, వచ్చి తగిలిన తీరు అరచేతికి. రీప్లేలో అదే తేలింది. 151 పరుగుల భాగస్వామ్యం తెగింది. ఆ తర్వాత అక్షర్ బౌలింగ్‌లో టేలర్ క్యాచ్, 11 దగ్గర.

నాకు అన్నిటికన్నా ఇష్టం లేథమ్ స్టంపింగ్. సెంచరీకి అయిదు పరుగుల దూరంలో అతను అక్షర్ కోసం క్రీజు దాటాడు, బంతి తగల్లేదు. ఇక్కడ కీపర్‌కి ఆత్రం పనికిరాదు. బ్యాట్‌కో ఒంటికో తగలని బంతిని వికెట్లు దాటాకే అందుకోవాలి. చేతులు ముందుకి చాపితే అది స్టంపింగే కాదు. అలాగని వెనక్కి లాక్కుని పట్టుకుంటే బ్యాట్స్‌మన్ కాలు లోపలికి వచ్చేస్తుంది. చేతికందగానే వికెట్ల వైపు తిప్పాలి. పట్టడం, తిప్పడం ఒకటే కదలికలో అయిపోవాలి. బెయిల్ గాడిలోంచి లేచిపోవాలి, అప్పటికి బంతి చేతిలోనే ఉండాలి.

197కి ఒకటే వికెట్ పడిన న్యూజిలాండ్ 227కల్లా అయిదు పోగొట్టుకుంది, 296కి ఆలౌటయింది. మనకి 49 పరుగుల ఆధిక్యం. తీరా చూస్తే చివరి రోజు వాళ్ల ఆఖరి జోడీ రచిన్, ఎజాజ్ 52 బంతులు అడ్డుపడి ఒక్క వికెట్ మిగిలి ఉండగా మ్యాచ్ డ్రా చేశారు.

అప్పటికి భరత్‌కి బ్యాటింగ్ పేరు లేకపోలేదు. 2015లో ఒంగోలులో గోవా మీద ఆంధ్రా తరఫున 308, రంజీలో ఓ వికెట్ కీపర్ కొట్టిన తొలి ట్రిపుల్ సెంచరీ. కాన్పూర్‌కి నెలన్నర ముందు దుబాయ్‌లో, ఐపీఎల్‌లో బెంగళూరుకి ఆఖరి బంతికి అయిదు కావలసి ఉండగా ఆవేశ్ ఖాన్‌ని సిక్స్ కొట్టాడు.

టెస్టుల్లోకి మాత్రం 2023 ఫిబ్రవరి 9న, నాగ్‌పూర్‌లో వచ్చాడు. కాన్పూర్ స్కోరుకార్డులో యంగ్, టేలర్, లేథమ్ ముగ్గురి పక్కనా ‘సబ్’ అని రాసి, భరత్ పేరుని బ్రాకెట్లో పెట్టారు. ఆ రెండు క్యాచ్‌లూ, స్టంపింగూ అతని టెస్టు లెక్కల్లో లేవు.