పొగపెట్టె తలుపు: సందు నెరిగి మూయు విద్య

స్కాట్లండు తూర్పుతీరమున ఆర్‌బ్రోత్ అను రేవుపట్టణము గలదు. ఆ పట్టణమునకు ఎనిమిది కిలోమీటర్ల పరిధిలో, పూర్వాచారము ననుసరించి పొగపట్టించిన హాడక్ చేపలకు మాత్రమే ‘ఆర్‌బ్రోత్ స్మోకీ’ యను పేరు చెల్లునట్లు ఐరోపా సమాఖ్య 2004వ సంవత్సరమున భౌగోళిక రక్షణ నొసగినది. తల తీసి, కడుపు శుభ్రపరచి, ఉప్పు పట్టించిన చేపలను రెండేసిగా తోకలయొద్ద ముడివైచి, కఱ్ఱలకు వ్రేలాడదీసి, పీపాలో కనలుచున్న గట్టికట్టెల నిప్పుపై నమర్చి, వానిమీద తడిపిన గోనెపట్టాలను పొరలుగా కప్పుట అచ్చటి పద్ధతి. ఆ గోనెపట్టాలే ఆ పొయ్యికి తలుపు. వాతావరణమునుబట్టి పట్టాల పొరలను హెచ్చించుటయు, తగ్గించుటయు అచ్చటివారికి వంశానుగతముగా వచ్చిన నేర్పు. కప్పు వదులైనచో గాలి చొచ్చి నిప్పు భగ్గుమని చేప మాడును. మితిమీరి బిగిసినచో నిప్పు ఆరి చేప పచ్చిగా నిలిచిపోవును. ఈ రెండు ప్రమాదముల నడుమనున్న ఇరుకుదారిని కనిపెట్టి నడుచుటయే పొగవంటలోని విద్య యంతయు.

నేడు గృహస్థుల పెరళ్ళలో వాడుకలోనున్న స్మోకరు అను పొగపెట్టెకు పీపా లేదు, గోనెపట్టా లేదు. ఇనుపరేకుతో చేసిన నిలువుపెట్టె, అడుగున గాలిద్వారము, బొగ్గుల పళ్ళెరమో కరెంటు కాయిలో, నడుమ కమ్మీల అరలు, పైన పొగగొట్టము, ఎదుట మడతబందులపై తిరుగు తలుపు, ఆ తలుపంచు చుట్టును గ్యాస్కెట్ అను మెత్తని పట్టీ: ఇంతియే దాని స్వరూపము. కొన్నియేండ్ల వాడుక మీద తలుపు వదులై, పట్టీ అణగిపోయి, అంచువెంట గోధుమవన్నె జిడ్డుచారలు దిగజారుట మొదలిడినప్పుడు, పెక్కుమంది “కొంచెము పొగ పోయిన పోనిమ్ము” అని ఉపేక్షింతురు. మఱికొందరు చేతికందిన జిగురుతో అంచునంతటిని నింపి, పెట్టెకు ఊపిరాడకుండ బిగింతురు. ఈ రెండు పోకడలును ఒక్క భ్రమనుండియే పుట్టినవి. పట్టీ యున్నది పొగను బంధించుటకని ఉభయులును తలచుచున్నారు. వాస్తవమున అది గాలికి దారి నిర్ణయించుటకై యున్నది.

ఈ మాట స్పష్టమగుటకు ముందు పొగ యననేమో తెలియవలెను. చాలినంత ప్రాణవాయువు లేక కట్టె కనలునప్పుడు దానియందలి సెల్యులోజునుండియు, హెమిసెల్యులోజునుండియు ఆమ్లములును, ఆహారమునకు తేనెరంగు నిచ్చు పదార్థములును వెలువడును. లిగ్నిన్ అను భాగమునుండి గ్వాయకోల్, సిరింగోల్ మొదలైన ఫీనాల్ జాతి ద్రవ్యములు పుట్టును. కమ్మని పొగవాసన యని మనము మెచ్చునది చాలవఱకు ఈ ఫీనాలుల ప్రసాదమే. శీతలయంత్రములు లేని కాలమున ఉప్పుతోడను, ఎండుదలతోడను కలిసి చేపను, మాంసమును చెడకుండ కాపాడినదియు ఇదియే. గాలి హెచ్చినచో కట్టె జ్వాలయై మండి ఈ సుగంధము లన్నియు అగ్నికే ఆహుతియగును. గాలి మిక్కిలి తగ్గినచో తెల్లని దట్టపుపొగ క్రమ్మి, తారువంటి చేదుపూత ఆహారముపై పేరుకొనును. అంతియకాదు, అదుపుతప్పిన నిప్పువలనను, నిప్పుపై బడి కాలు కొవ్వువలనను బెంజోపైరీన్ వంటి హానికర ద్రవ్యములు వృద్ధియగును. పొగపట్టించిన మాంసమున బెంజోపైరీన్ పరిమితిని ఐరోపా సమాఖ్య 2014లో కిలోకు 5 మైక్రోగ్రాములనుండి 2 మైక్రోగ్రాములకు తగ్గించినది. కనుక రుచియు, ఆరోగ్యమును రెండును గాలి పరిమాణముమీదనే ఆధారపడియున్నవి.

అమెరికాలోని మధ్య టెక్సాసు ప్రాంతమున ఈ నిగ్రహమునకు పరాకాష్ఠను చూడవచ్చును. 19వ శతాబ్దమున అచ్చట స్థిరపడిన జర్మను, చెకు వలసజనుల మాంసపు అంగళ్ళలో, అమ్ముడుపోని మాంసమును పొగపట్టించి నిలువచేయు అలవాటునుండి ఆ ప్రాంతపు బార్బెక్యూ సంప్రదాయము పెంపొందినది. ఓక్ కట్టెల పొగలో, సుమారు 110 మొదలు 120 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో, ఎద్దు రొమ్ముమాంసమును పది పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఉంచుదురు. నారవలె గట్టిగానుండు కొల్లాజన్ మెల్లమెల్లగ కరగి జెలటిన్‌గా మారుటకు అంతటి కాలము పట్టును. నడుమ మాంసపు లోపలి వేడిమి 70 డిగ్రీల ప్రాంతమున చేరి గంటలకొలది కదలక నిలుచును. మాంసపు పైభాగమునుండి ఆవిరియగు నీరు చల్లదనము నిచ్చుటయే దీనికి కారణము. ఇంతటి దీర్ఘవ్రతమున వేడిమి నిలుకడగా నుండుట ప్రధానము. తలుపు సందునుండి చొచ్చిన గాలి ఆ నిలుకడను చెఱచి, పైభాగమును ఎండగట్టి, వండువానిని తెల్లవార్లు పొయ్యియొద్ద కాపలా కూర్చుండబెట్టును.

ఇచ్చట గమనింపవలసిన సూక్ష్మమొకటి గలదు. వేడిగాలి తేలికయై పొగగొట్టముగుండ పైకి పోవుచుండగా, పెట్టె అడుగుభాగమున ఒత్తిడి వెలుపలి గాలికంటె కించిత్తు తక్కువగా నుండును. అందుచేత ఒకే తలుపు పైసందునుండి పొగ వెలికి వచ్చుచుండ, క్రిందిసందునుండి గాలి లోనికి పోవుచుండును. పైసందు కంటికి కనబడును, గోడకు మసి పూయును, ఇంటివారిచే తిట్లు తినును. నిజముగా నిప్పును చెఱచునది మాత్రము ఏ ఆనవాలును చూపని క్రిందిసందు. గాలిద్వారమును ఎంత మూసినను వేడిమి దిగిరాకున్నచో, దోషము బొగ్గులలో గాక తలుపు క్రిందియంచున నున్నదని మొదట అనుమానింపవలెను. అయితే పెద్ద గొట్టమును కోసి చేసిన పొయ్యిలలో, ప్రక్కనున్న నిప్పుగదిలో కట్టె స్వేచ్ఛగా మండుచు పొగగొట్టము బలముగా లాగుచుండును గనుక, మాంసము నుంచు గది తలుపున స్వల్పమగు సందున్నను అంతగా బాధింపదు. బొగ్గును నిప్పుకలగా రాజుకొననిచ్చి, గాలిని పిసినారితనముతో విడుచు నిలువుపెట్టెలకే పట్టీ ప్రాణము.

మన హైదరాబాదు వంటవారు దమ్ము బిర్యానీ వండునప్పుడు గిన్నెకును మూతకును నడుమ గోధుమపిండిముద్దను చుట్టి అంచును మూయుదురు. అచ్చట సంకల్పము ఆవిరిని సంపూర్ణముగా నిరోధించుట. సందు లేకుండుటయే సిద్ధి. పొగపెట్టెయందు సంకల్పము వేఱు. ఇచ్చట గాలి ఒక ద్వారమున వచ్చి, ఆహారమును తాకి, వేఱొక ద్వారమున పోవలెను. ప్రవాహము నిలిచిన పొగ చేదెక్కును. మనము విడిచిన రెండు సందులు తప్ప మనల నడుగక ఏర్పడిన మూడవ సందు ఉండరాదు. ఘానాదేశమున 1970 ప్రాంతమున ప్రచారమునకు వచ్చిన చోర్కోర్ పొయ్యియందు తలుపే లేదు. చేపలు పరచిన కఱ్ఱచట్రముల పళ్ళెములను ఒకదానిపై నొకటి అంచులు కలియునట్లు పేర్చగా ఆ దొంతరయే పొగగొట్టమగును. అచ్చటను చట్రము వంకరపోయినచో పొగ దారి తప్పును. సూత్రము సర్వత్ర యొక్కటియే.

ఇక తలుపు వదులగుటకు కారణములు నాలుగు. మడతబందుల మరమేకులు సడలి తలుపు బరువునకు క్రుంగుట మొదటిది. గొళ్ళెము అరిగి పట్టు తగ్గుట రెండవది. వేడికి రేకు మెలిదిరుగుట మూడవది. జిడ్డు, మసి పట్టి పట్టీ గట్టిపడి, అణగినది మరల లేవకుండుట నాలుగవది. కారణము నెఱుగక కొత్తపట్టీ అంటించుట కద్దు. క్రుంగిన తలుపునకు దళసరి పట్టీ వేసినచో, అది మడతబందులవైపు అడ్డుపడి, గొళ్ళెమువైపు తలుపును మఱింత తెఱచును. కావున మరమేకులను బిగించి, తలుపు చట్రమునకు సమముగా కూర్చున్నదో లేదో చూచి, గొళ్ళెమును సవరించిన పిమ్మటనే పట్టీ సంగతి ఆలోచింపవలెను. పెక్కు తావుల వైద్యము ఇంతటితోనే ముగియును.

సందు ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు మూడు పరీక్షలు గలవు. చల్లారిన పెట్టెలో చీకటివేళ టార్చిలైటు నుంచి తలుపు మూసినచో, వెలుగు వెలికి వచ్చు చోటు మొదటి సాక్షి. సన్నని కాగితపు ముక్కను అంచున నుంచి తలుపు మూసి లాగుట రెండవది: బిగువుగా వచ్చినచో పట్టు సరి, జారివచ్చినచో అచ్చట లోపము, ఈ పరీక్షను జానెడు జానెడు దూరమున చట్రము చుట్టును చేయవలెను. మూడవది క్రిందిసందునకై ప్రత్యేకింపబడినది. నిప్పు రాజుకొని పొగగొట్టము లాగుచున్నప్పుడు, వెలిగించిన అగరువత్తిని తలుపు క్రిందియంచువెంట మెల్లగా నడుపవలెను. దాని పొగ నిట్టనిలువుగా లేచుచున్నంతవఱకు భయము లేదు. ఏ చోట అది చటుక్కున వంగి తలుపులోనికి పీల్చబడునో, ఆ చోటనే దొంగ యున్నాడు. అచ్చట సుద్దతో గుర్తిడుట మంచిది.

పట్టీ మార్చుట తప్పదని తేలినప్పుడు, పెట్టె పూర్తిగా చల్లారిన పిదప పాతపట్టీని మొండిచాకుతో గీకి, సబ్బునీటితో జిడ్డు విడదీసి, ఆరిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడువవలెను. కొత్తపట్టీ ఊడుటకు ప్రధానకారణము కంటికి కనబడని జిడ్డుపొర. కావున శుద్ధిలో తొందర పనికిరాదు. కరెంటు పెట్టెలకు తయారుదారు అమ్ము సిలికాను పట్టీయే శ్రేష్ఠము; బొగ్గుపెట్టెలకు వేడిని సహించు నోమెక్స్ నారతో చేసిన, వెనుక జిగురుగల పట్టీ మిక్కిలి వాడుకలో నున్నది. కట్టెల కుంపట్లకు వాడు గాజునార త్రాడు వేడికి తాళునుగాని, దాని నుసి ఆహారమున పడు ప్రమాదమున్నందున వంటపెట్టెకు తగదు. పట్టీని అంటించునప్పుడు లాగరాదు. లాగిన పట్టీ కొలదికాలములోనే ముడుచుకొని మూలలయందు సందు నిచ్చును. రెండు కొనలును మూలలో గాక తిన్నని భాగమున, ఒకదాని నొకటి ఒరసికొనునట్లు కలుపవలెను. తలుపు మూసి ఒక దినము కదలింపకుండినచో జిగురు పట్టుకొనును.

రేకు మెలిదిరిగి సందు ఒకచోట పలుచగను, ఒకచోట దళసరిగను ఉన్నచో ఏ పట్టీయు సరిపడదు. అట్టి తలుపునకు పనివారు చేయు ఉపాయము ముచ్చటైనది. ఆహారస్పర్శకు తగినదని తయారుదారు ప్రకటించిన, హెచ్చువేడికి తాళు సిలికానును చట్రముపై తెగని తీగవలె పోసి, దానిపై మైనపుకాగితమును పరచి, తలుపును గొళ్ళెము వేయక మృదువుగా ఆనించుదురు. మెత్తని సిలికాను ఆ తలుపు వంకర ఎట్లున్నదో అట్లే అచ్చుపడి, సందు పెద్దదైనచోట ఎత్తుగను, చిన్నదైనచోట పల్లముగను నిలుచును. ఒక దినము గడచి గట్టిపడిన మీదట తలుపు తీసి, కాగితమును ఒలిచి, అంచులను కత్తితో సరిచేసినచో, మఱి ఏ తలుపునకును పనికిరాని, ఆ తలుపునకు మాత్రమే సరిపడు పట్టీ సిద్ధించును. తలుపు వంకరను తీర్చుటకు మారుగా, వంకరనే కొలతగా గైకొనుట ఇందలి తెలివి. ఏ విధమున బాగుచేసినను, మొదటిసారి ఆహారమేమియు నుంచక, 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉత్తపొగ నడిపి, కొత్తవాసన పోగొట్టవలెను.

తలుపు బాగుపడినదను సంబరమున పొగగొట్టమును మూయువారు గలరు. అది పెద్ద తప్పు. వంట సాగునంతసేపు పై ద్వారము తెఱచియుండవలెను. వేడిమిని క్రింది గాలిద్వారముతోడనే ఏలవలెను. ఎంత చక్కగా మూసిన పెట్టెయైనను కార్బన్ మోనాక్సైడును వెలువరించును. రంగులేని, వాసనలేని ఆ వాయువు ప్రాణాంతకము గనుక ఇంటిలోను, కారుషెడ్డులోను, మూసిన వసారాలోను పొగపెట్టెను వెలిగింపరాదు. మఱియొక హెచ్చరికయు కలదు. వేడిపొగలో వండిన మాంసము నేటి తేలికపాటి ఉప్పుతో నిలువయుండదు. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో చేరవలసినదే.

ఒక పట్టీకై ఇంత శ్రద్ధ యేల, కొత్తపెట్టె కొనరాదా యని ప్రశ్నింపవచ్చును. పొగవంట యంత్రమునకు ఒప్పగించి మరచు పని కాదు. ఆర్‌బ్రోత్ జాలరి గోనెపట్టాను, ఘానా స్త్రీ పళ్ళెపుచట్రమును, టెక్సాసు మాంసపువర్తకుడు గాలిద్వారమును చేతితో ఎఱిగియే ఆ రుచిని సాధించిరి. డల్లాసులోనో హ్యూస్టనులోనో పెరటిలో మేకతొడకు అల్లము, వెల్లుల్లి, మిరియము పట్టించి పొగపెట్టెలో నుంచు తెలుగు గృహస్థునకును ఆ యెఱుకయే మూలధనము. కొత్తపెట్టె కొన్నచో అది పెట్టెతోపాటు రాదు. తలుపు సవరించినవానికి తన పెట్టె గాలి నెచ్చట పీల్చుచున్నదో, ఎచ్చట విడుచుచున్నదో తెలిసియుండును.

అట్టివాడు చేయవలసిన తుదిపరీక్ష యొకటి మిగిలియున్నది. వంట ముగిసి, పదార్థమును వెలికి తీసిన పిదప, క్రింది గాలిద్వారమును, పై పొగద్వారమును రెండింటిని మూసివేయవలెను. తలుపు సరియైనదైనచో బొగ్గు క్రమముగా ఆరి, మిగిలిన తునకలు మఱునాటి వంటకు అక్కఱకు వచ్చును. కాలి బూడిదయైనచో మూడవ సందు ఇంకను ఉన్నదని తెలిసి, మరల అగరువత్తి వెలిగింపవలెను.