లైసెన్సు వచ్చాక

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో వ్రతానికో పుట్టినరోజుకో వెళ్తే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘‘మీరు విమానం నడుపుతారట కదండీ! ఎక్కడెక్కడికి వెళ్తుంటారు?’’ అడిగినవాళ్ల మనసులో గ్రాండ్ కాన్యనో న్యూ ఆర్లిన్సో మెదులుతూ ఉంటుంది. నా జవాబు వాళ్లకి అంతగా రుచించదు. ఎక్కువసార్లు నేను ఎక్కడికీ వెళ్లను. లేచిన రన్‌వే మీదే దిగుతాను, మళ్లీ లేస్తాను, మళ్లీ దిగుతాను. గంటసేపు అదే పని చేసి, విమానాన్ని తాళ్లతో కట్టేసి ఇంటికి వచ్చేస్తాను.

గంటకి 150, 200 డాలర్లు అద్దె కట్టి ఊరి మీదే తిరిగి రావడం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ఆ అద్దె హాబ్స్ మీటరు లెక్కన పడుతుంది. గంటలో పదో వంతు, అంటే ఆరు నిమిషాలకి ఒక అంకె కదులుతుంది. ఇంజిన్ మొదలైన దగ్గర్నుంచీ అది తిరుగుతూనే ఉంటుంది కనుక, టేకాఫ్ కోసం వరసలో నిలబడిన సమయానికీ డబ్బు కట్టాల్సిందే. అందుకే సరదాకి విమానం నడిపే ప్రతివాళ్లూ ఈ గంటల్ని దేని మీద ఖర్చుపెట్టాలో ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోక తప్పదు. తేల్చుకోలేనివాళ్లు మెల్లగా మానేస్తారు. నాతోపాటు నేర్చుకున్నవాళ్లలో ఇప్పటికీ నడుపుతున్నవాళ్లు తక్కువ. పరీక్ష పాసయ్యేదాకా ఎండా చలీ లెక్కచెయ్యకుండా వచ్చినవాళ్లు, కార్డు చేతికొచ్చాక కనబడకుండా పోయారు. వాళ్లకి ధైర్యం చాలక కాదు, డబ్బు లేకా కాదు. నేర్చుకునేటప్పుడు ప్రతి గంటకీ ఒక పాఠం ఉండేది. లైసెన్సు వచ్చాక ఆ పాఠం ఎవరూ చెప్పరు, మనమే చెప్పుకోవాలి.

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి చట్టం అడిగేది కనీసం 40 గంటలు. నిజానికి చాలామందికి 60, 70 గంటలు పడుతుంది. ఒకసారి వచ్చిన లైసెన్సుకి గడువంటూ లేదు. కానీ పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లూ మూడు ల్యాండింగ్‌లూ చేసి ఉండాలి. రాత్రిపూట తీసుకెళ్లాలంటే ఆ మూడూ రాత్రే చేసి, దిగిన ప్రతిసారీ పూర్తిగా ఆగి ఉండాలి. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కనీసం గంట నేల మీద పాఠం, గంట గాల్లో పరీక్ష. ఎంత దూరం వెళ్లావు, ఎన్ని ఊళ్లు చూశావు అని ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అడగదు. ఈమధ్య దిగావా లేదా అని అడుగుతుంది. ఈ నియమం రాసినవాళ్లకి విమానం సంగతి లోతుగా తెలుసని నా నమ్మకం.

పైన ఉన్నంతసేపూ నేను నడిపే సెస్నా 172 సాధుజంతువే. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ నాలుగు సీట్ల విమానాలు ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. ట్రిమ్ సరిగ్గా పెట్టి చేతులు వదిలేసినా చాలాసేపు తిన్నగానే పోతుంది. చేతిపనంతా నేలకి దగ్గరైనప్పుడే.

రన్‌వే మీంచి లేచి, వెయ్యి అడుగుల ఎత్తుకి చేరుకుంటూ ఎడమకి రెండు మలుపులు తిరిగితే, రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో పోతుంటాం. అది డౌన్‌విండ్. దిగాల్సిన చోటు సరిగ్గా రెక్క పక్కకి వచ్చినప్పుడు థ్రాటిల్ తగ్గించి, ఫ్లాప్స్ ఒక మెట్టు దించాలి. మళ్లీ ఎడమకి తిరిగితే బేస్, ఇంకోసారి తిరిగితే ఫైనల్. అక్కడ వేగం 65 నాట్ల దగ్గర నిలబడాలి. టవర్ లేని విమానాశ్రయంలో మనం ఎక్కడున్నామో ప్రతి మలుపులోనూ రేడియోలో మనమే చెప్పాలి. మాట మొదట్లోనూ చివరా ఆ విమానాశ్రయం పేరు పలకాలి, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీ మీద చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లు మాట్లాడుతుంటారు. ఒక చుట్టుకి ఆరేడు నిమిషాలు. గంటలో ఎనిమిదో తొమ్మిదో ల్యాండింగ్‌లు. ఈ చుట్లు తిరగడాన్నే ప్యాటర్న్ అంటాం.

కింద నిలబడి చూస్తే అన్నీ ఒకటే. లోపల కూర్చున్నవాళ్లకి ఏ రెండూ ఒకలా ఉండవు. మా వైపు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణపు గాలి వీస్తుంది. అందుకే ఉత్తర టెక్సస్‌లో చాలా రన్‌వేల మీద 17, 18 అనీ, అటు చివర 35, 36 అనీ అంకెలు కనిపిస్తాయి. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసి రాసిన అంకెలవి. గాలి కాస్త పడమరకి తిరిగిందంటే విమానం పక్కకి కొట్టుకుపోవడం మొదలవుతుంది. గాలి వచ్చే వైపు రెక్కని కొద్దిగా వంచి, రెండోవైపు రడ్డర్ పెడల్ తొక్కి, ముక్కుని మధ్య గీత వెంట నిలపాలి. గాలివైపు చక్రం ముందు నేలని తాకాలి, తర్వాత రెండోది, అన్నిటికన్నా చివర ముక్కు చక్రం. ఎంత వంచాలో, ఎంత తొక్కాలో ఏ పుస్తకమూ చెప్పదు. కిందికి దిగేకొద్దీ గాలి తగ్గుతుంది, చేతులూ కాళ్లూ ఆ తగ్గుదలని వెంటాడుతూనే ఉండాలి. వేసవి మధ్యాహ్నం ఇంకో తంతు. కాలిన తారు మీంచి లేచే వేడిగాలి ఫైనల్లో విమానాన్ని పైకి ఎత్తుతుంది. దాన్ని సరిచేసుకునేలోపే చెట్ల గుంపు మీదికొచ్చి కిందికి జారతాం. వీణ పట్టినవాళ్లు ఎన్నేళ్లయినా సరళీ వరసలు వదలరు. ప్యాటర్న్‌ని నేనలాగే చూస్తాను. రెండు నెలలు మానేసి వెళ్తే మొదటి ల్యాండింగ్‌లోనే చేతుల బద్ధకం తెలిసిపోతుంది.

ప్యాటర్న్ చాలనిపించిన రోజున ఊరికి దూరంగా ప్రాక్టీస్ ఏరియాకి వెళ్తాను. రెక్కని 45 డిగ్రీలు వంచి గుండ్రంగా తిరుగుతూ, ఎత్తు వంద అడుగులకి మించి తేడా రాకుండా చూసుకోవాలి. ఆపైన స్టాల్. అంటే, ముక్కు ఎత్తుతూ వేగం తగ్గిస్తూ, రెక్క ఇక మొయ్యలేనని చెప్పేదాకా వెళ్లి వెనక్కి రావడం. ఈ విమానం ఎడమ రెక్క ముందు అంచులో చిన్న రంధ్రం ఉంటుంది. వేగం పడిపోయి గాలి రెక్కని తాకే కోణం పెరిగినప్పుడు ఆ రంధ్రంలోంచి గాలి బయటికి లాగబడి లోపల కొమ్ము మోగుతుంది. కరెంటుతో పని లేదు. అది పనిచేస్తోందో లేదో చూడాలంటే బయల్దేరే ముందు రంధ్రం మీద శుభ్రమైన చేతిరుమాలు పెట్టి నోటితో పీల్చాలి. 

ఇంజిన్ ఆగిపోయిందనుకుని థ్రాటిల్ వెనక్కి లాగి, దిగడానికి పొలం వెతుక్కోవడం కూడా ఈ సాధనలో భాగమే. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతూ పోగలం, అంతే. ఆ లోపున్న నేలే మన నేల. మా నాన్నగారు గుడివాడ దగ్గర పల్లెలో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఉదయం పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. భయపడతారేమో అనుకున్నాను గానీ ఆయన తల కిటికీ మీంచి తిప్పలేదు. చాలాసేపటికి, ‘‘ఇన్ని ఎకరాలకీ గట్టన్నదే లేదేంట్రా?’’ అన్నారు. కాసేపాగి, ‘‘అదిగో, అది దున్ని వదిలేశారు, చాళ్లు తూర్పు పడమరలుగా ఉన్నాయి. దాని పక్కది తడిగా ఉంది చూడు, రంగు తెలుస్తోంది’’ అన్నారు. పొలంలో దిగాల్సి వస్తే చాళ్ల వెంట దిగాలి, అడ్డంగా దిగితే విమానం బోల్తా పడుతుంది. తడి నేల అసలే పనికిరాదు. నేను ఇన్‌స్ట్రక్టర్ల దగ్గర కష్టపడి నేర్చుకున్న చూపు ఆయనకి పుట్టుకతోనే ఉంది. అప్పటినుంచి పొలాలు చూసేటప్పుడు నేను ముందు రంగు చూస్తున్నాను, తర్వాత చాళ్లు.

మనుషుల్ని తీసుకెళ్లడం ఈ గంటలకి దొరికే మంచి ఖర్చుల్లో ఒకటి. ప్రైవేట్ పైలట్ దీని మీద సంపాదించడానికి వీల్లేదు. ముగ్గురు స్నేహితులు ఎక్కితే పెట్రోలు, అద్దె నలుగురూ పంచుకోవచ్చు, నా వాటాకి తక్కువ మాత్రం నేను కట్టకూడదు. ఈ నిబంధన నాకు చాలా ఇష్టం. డబ్బు రాదు కనుక వద్దనుకున్న రోజున వద్దనగలం. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1992లో యంగ్ ఈగిల్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని పైలట్లు తమ విమానంలో, తమ ఖర్చుతో, ఉచితంగా ఎక్కించి తిప్పుతారు. ఇప్పటికి 20 లక్షల మందికి పైగా పిల్లలు ఇలా ఎగిరారు. వీధికుక్కల్ని పెంచుకునేవాళ్ల దగ్గరికి చేర్చే పైలట్లున్నారు, దూరపు ఆస్పత్రులకి రోగుల్ని తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

ఇక భోజన యాత్రలు. పక్క ఊరి విమానాశ్రయంలో దిగి, తిని, తిరిగి రావడాన్ని ఇక్కడ పైలట్లు ‘వంద డాలర్ల హాంబర్గర్’ అని పిలుచుకుంటారు. ఆ పేరు పాతది, ఇప్పుడు వందకి అయ్యే పని కాదు. డాలస్ నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్ కారులో నాలుగు గంటల పైమాట, 172లో రెండు గంటల లోపు. అక్కడ రన్‌వే పక్కనే 1940ల నాటి హ్యాంగర్ తీరులో కట్టిన హోటలూ డైనరూ ఉన్నాయి. తిండి కన్నా దానికోసం చేసే ఏర్పాటే నాకు ముఖ్యం. వాతావరణం చూడాలి, బరువులు కూడాలి. నాలుగు సీట్లున్నాయని ట్యాంకులు నింపి నలుగురు పెద్దవాళ్లని ఎక్కించుకుంటే చాలా 172లకి బరువు మించిపోతుంది. చేరాక పగలైతే ఇంకో అరగంటకి సరిపడా ఇంధనం మిగలాలని చట్టం. నేను గంటకి సరిపడా ఉంచుకుంటాను.

ఎగరని రోజుల్ని కూడా ఇందులోనే లెక్క వెయ్యాలి. వారమంతా ఎదురుచూసిన శనివారం మబ్బు కిందికి దిగితే ఇంట్లో కూర్చోవాల్సిందే. 1950లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన జరిగింది. పరికరాలు చూసి నడపడం రాని 20 మంది విద్యార్థులకి మబ్బులో ఉన్నట్టు బయటి చూపు మూసేశారు. 20 మందీ విమానం మీద అదుపు కోల్పోయారు. సగటున పట్టింది 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా లేదు. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్, ఆయన భార్య, ఆమె అక్క ప్రయాణిస్తున్న విమానం మార్థాస్ వైన్‌యార్డ్ దగ్గర సముద్రంలో పడిపోయింది. మసక కమ్మిన చీకట్లో దిక్కు తెలియని భ్రమకి లోనై, విమానం నడుపుతున్న కెనెడీ అదుపు కోల్పోయారని దర్యాప్తు తేల్చింది. ఆయనకి ప్రైవేట్ లైసెన్సు ఉంది, పరికరాలు చూసి నడిపే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, లేదు. ఆ ఇల్లినాయ్ పరిశోధన ఉద్దేశం భయపెట్టడం కాదు. మబ్బులో పడ్డవాడు పరికరాలు చూస్తూ వెనక్కి తిరిగి రావడం నేర్పవచ్చని చూపడం, అది నేర్పి చూపారు కూడా. నా గంటల్లో కొన్నిటిని ప్రతి ఏడాదీ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, బయటి చూపుకి అడ్డు పెట్టుకుని ఆ ఒక్క మలుపు మీద ఖర్చుపెడతాను. వాటిని మించిన ఖర్చు లేదనుకుంటాను.

మన దేశంలో ఈ సరదాకి చోటు తక్కువ. బేగంపేటలో నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి ఎయిర్‌లైన్ ఉద్యోగమే గమ్యం. ఫ్లైట్ ప్లాన్, వైమానిక రక్షణ అనుమతి నంబరు లేకుండా మామూలుగా కదలడానికి లేదు. చిన్న విమానాలు దిగే రన్‌వేలూ కొన్నే. ఇక్కడ అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు ఐదు వేల దాకా ఉన్నాయి, వాటిలో చాలాచోట్ల దిగినందుకు రుసుం కూడా అడగరు. అయినా మన విమానయాన చరిత్ర తొలి పేజీల్లో ఉన్నది ఒక సరదా పైలటే. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా చేతికొచ్చిన లైసెన్సు నంబరు 1. 1932 అక్టోబర్ 15న ఆయన చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అందరూ చెప్పుకునేది అదే. నాకు అంతకన్నా గొప్పగా తోచేది 1982. ఆ యాత్రకి యాభై ఏళ్లు నిండిన రోజున, 78 ఏళ్ల వయసులో, ఆయన లెపర్డ్ మాత్ అనే పాత విమానాన్ని అదే దారిలో మళ్లీ నడిపి దిగారు. లైసెన్సు వచ్చాక మానేసినవాళ్లకి ఆ వయసులో అది సాధ్యం కాదు.

లైసెన్సు తెచ్చుకుని ఆపేసిన మిత్రులు మన తెలుగువాళ్లలో చాలామందే ఉన్నారని నాకు తెలుసు. వాళ్లకి ఒక మాట. పెద్ద యాత్ర కోసం ఆగకండి. ఈ వారాంతం గాలి నెమ్మదిగా ఉంటే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీ ఊరి రన్‌వే మీదే మూడు ల్యాండింగ్‌లు చేసి రండి. నెలకి ఒక గంట చాలు. పిల్లలున్నవాళ్లు దగ్గర్లోని చిన్న విమానాశ్రయంలో యంగ్ ఈగిల్స్ ఏ శనివారం జరుగుతుందో కనుక్కుని తీసుకెళ్లండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, తల్లిదండ్రుల సంతకం ఉంటే చాలు.