తాత్పర్యగ్రహణము – సవర వాచకములు

పాఠమును తడఁబడక చదివినంతమాత్రమున బాలుఁడు దాని తాత్పర్యమును గ్రహించెనని చెప్పఁజాలము. ప్రతిపదార్థము చెప్పించి, పిదపఁ దాత్పర్యమును ఒప్పచెప్పించుట మన బడుల వాడుక. ఆ యొప్పచెప్పునది పెక్కుతావుల గురువుగారి మాటయే కాని శిష్యుని బుద్ధి కాదు.

మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకు ఆఱు లింగములు చెప్పిరి. వానిలో ఉపక్రమోపసంహారములును అభ్యాసమును శిశువునకును సుగమములు. పాఠము దేనితో మొదలై దేనితో ముగిసెను? ఏ మాట మరల మరల వచ్చెను? అరకులోయ బడిలో వలిసెచేనిని గూర్చి పాఠము చెప్పుదురనుకొందము. అందుఁ బసుపుపూవులు, తేనెటీఁగలు, నూనె అన్నియు రావచ్చును. మొదటను తుదను నడుమను నూనెయే వినవచ్చినచో, తక్కినవి దానికి అంగములని బాలుఁడే తెలిసికొనును.

అయినను పాఠము తెలియని భాషలో నున్నచో ఈ లింగములు పనిచేయవు. అరకునకు ఈశాన్యమునఁ బర్లాకిమిడి ప్రాంతపు కొండలలోని సవరల భాష ముండా కుటుంబమునకుఁ జెందినది, తెలుఁగు ద్రావిడభాష. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) సవరభాష నేర్చి, ఆ భాషలోనే వాచకములు రచించి, సవర బాలురకుఁ జదువు చెప్పించిరి. 1931లో ఆ భాషాస్వరూపమును దెలుపు గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి.

గ్రాంథిక వ్యావహారిక వివాదమున వారితో నేకీభవింపని పండితులును ఈ విషయమున వారి మార్గము నంగీకరింపవలసియున్నది. తాత్పర్యమును మొదట ఇంటిభాషలోఁ జెప్పఁగల బాలుఁడే పిదపఁ దెలుఁగునఁ జెప్పఁగలఁడు.