జపాను భాషలో మూలకాల పేర్లు

జపాను భాషలో రసాయనశాస్త్రానికి పాదులు వేసినవారిలో ముఖ్యుడు ఉదగావా యోఆన్ అను వైద్యుడు. ఇంగ్లండు రసాయనజ్ఞుడు విలియం హెన్రీ పుస్తకానికి వచ్చిన డచ్చి అనువాదం ఆధారంగా అతడు సంతరించిన "సేయిమి కైసో" 1837లో వెలువడనారంభించి, ఆయన మరణానంతరం 1847లో ముగిసింది. విచిత్రమేమనగా, ఈ గ్రంథనామంలోని "సేయిమి" డచ్చివారి "కెమీ" శబ్దానికి వచ్చిన రూపమే. శాస్త్రం పేరును ఉన్నదున్నట్లు స్వీకరించినవాడు మూలకాల పేర్లను మాత్రం అర్థం చెడకుండా అనువదించినాడు!

డచ్చివారు హైడ్రోజన్‌ను "నీటి పదార్థ"మనీ, ఆక్సిజన్‌ను "పులుపు పదార్థ"మనీ అంటారు. యోఆన్ ఆ "పదార్థా"నికి "సో" అను చిన్న మాటను నిలిపినాడు. "సుయి" అనగా నీరు. కనుక హైడ్రోజన్ "సుయిసో". "తాన్" అనగా బొగ్గు; కనుక కార్బన్ "తాన్‌సో". నైట్రోజన్ "చిస్సో", అనగా ఊపిరాడనీయనిది. "సో" వినబడగానే అది మూలకమని విద్యార్థి గ్రహించును. బొగ్గుపులుసు వాయువును "నిసాన్‌కా తాన్‌సో" అంటారు. "ని" అనగా రెండు, "సాన్‌కా" అనగా ఆక్సీకరణం. పేరు విప్పితే ఫార్ములాయే బయటపడుతుంది. ఇంత పొందిక మన పరిభాషలో అరుదు.

అయితే ఆక్సిజన్ పేరైన "సాన్‌సో"లో ఒక పాత పొరపాటు దాగియున్నది. ఆమ్లాలన్నిటిలోను ఈ వాయువుండునని లవోయిజే తలచినాడు. హైడ్రోక్లోరికామ్లంలో అది లేదని 1810 నాటికే డేవీ చూపినాడు. ఆ తరువాత ఇరువదియేడేండ్లకు కూడ జపాను గ్రంథం పాత భావాన్నే పేరులో నిలిపింది. మూలగ్రంథపు డచ్చి పదమే అట్టిది గనుక దోషమంతా అనువాదకునిది కాదు. మన "ఆమ్లజని"లోనూ అదే దోషమున్నది. పాఠం చెప్పునపుడు ఉపాధ్యాయుడు ఈ సంగతి దాచరాదు.

ఫ్లోరిన్‌కు "ఫుస్సో", అయొడిన్‌కు "యోసో" అన్న పేర్లలో మొదటి భాగం అర్థం కోసం కాక ధ్వని కోసం ఎన్నుకొన్న అక్షరం. 1946లో ప్రభుత్వం ప్రకటించిన నిత్యవ్యవహార లిపిపట్టికలో ఆ అక్షరాలు లేవు. పాఠ్యపుస్తకాలు వాటిని ఉచ్చారణ లిపిలో వ్రాస్తున్నవి. ఇక్కడ పిల్లవానికి ఆధారం "సో" ఒక్కటే. తక్కినది కంఠస్థం చేయవలసినదే.

సోడియం, పొటాషియంలకు జర్మను పేర్లనే తీసికొని "నాతోరియుము", "కారియుము" అన్నారు. ఇది మేలే అయినది. ఎన్‌.ఏ., కే. అను సంకేతాలు ఎక్కడివని జపాను బాలుడు అడుగనక్కరలేదు. తెలుగు బాలుడు నేటికీ అడుగుచున్నాడు.

ఇక జపాను శాస్త్రజ్ఞులే సృష్టించిన 113వ మూలకానికి 2016లో స్థిరపడిన పేరు నిహోనియం. "నిహోన్" అనగా జపానే. దాని చివర మాత్రం "సో" లేదు.